ఒకే వన్నె ఫలహారపు పళ్లెము



మంగళగిరినుండి ఒక సోదరి ఈ శీర్షికకు జాబు వ్రాసినారు. ఫాల్గుణమాసమున నరసింహస్వామివారి తిరునాళ్లకు వారి యింటికి బంధువులు వచ్చుట ఏటేట జరుగుచున్నదే. ఈసారి వచ్చువారిలో పట్టణవాసముననున్న తోడికోడలు కూడ కలదు. ఆ తోడికోడలి యింట నొకప్పుడు పెద్ద చెక్కపలకమీద కివీపండ్లు, స్ట్రాబెర్రీలు, చీజు ముక్కలు, బాదములు రంగు రంగున విడదీసి పరచి యుండగా వీరు చూచినారట. “అటువంటిది పెట్టుటకు నాకు శక్తి లేదు. పెట్టకున్నచో చిన్నతనముగా నుండును. మనకు దొరకువానితో నేమైన చేయవచ్చునా?” యని వారి ప్రశ్న.

నిరభ్యంతరముగా చేయవచ్చును. వారు చూచిన పలక మన దేశమునకు క్రొత్త. ఉప్పుతో నిలువచేసిన మాంసపదార్థములను ఫ్రాన్సు దేశస్థులు షార్కుటరీ యందురు. వానిని చీజుతో, ద్రాక్షతో, రొట్టెతో చేర్చి పలకపై నమర్చి విందులలో నడుమ నుంచుట పాశ్చాత్యుల అలవాటు. ఆ పేరు దేశదేశములు తిరిగి, త్రోవలో మాంసమును విడిచిపెట్టి, ఇప్పుడు పండ్లును మిఠాయిలును పరచిన పలకకు గూడ చెల్లుచున్నది. ఒకే రంగు వస్తువులను మాత్రమేర్చి పరచుట అందులో నొక భేదము. పేరు వారిదైనను పని మన మెరుగనిది కాదు. పేరంటమునాడు తాంబాళములో పండ్లు, తమలపాకులు, వక్కలు, పసుపుకుంకుమలు పొందికగా సర్దని యిల్లాలు మన ప్రాంతమున నెవరున్నారు?

రంగుల విషయమున మంగళగిరి సోదరీమణులకు ఇంటిలోనే గురువు కలదు. గుంటమగ్గముపై నేసిన సంప్రదాయపు మంగళగిరి చీర నొకదానిని విప్పి చూడుడు. ఒడలంతయు నొకటే వన్నె. అందు పువ్వు లేదు, తీగె లేదు. అంచున మాత్రము జరీ తళుకుమనును. చూపు ఒడలిమీద హాయిగా సాగి, అంచుకడ నిలుచును. పళ్లెమున కంతకంటె వేరు సూత్రము నాకు తోచలేదు. మూడుపాళ్లు ఒక వన్నె. మిగిలిన పాలు దాని కెదురైన వన్నె. పసుపుపచ్చకు ఆకుపచ్చ అంచు, తెలుపునకు ఎఱుపు అంచు, ఆకుపచ్చకు తెలుపు అంచు.

దీనివలన సొగసుకంటె పెద్ద లాభ మొకటి గలదు. ఏడు రంగులు కావలెనన్న ఏడు విధముల పండ్లు కొనవలెను; అందు సగము దూరదేశపు పండ్లు, వెల హెచ్చు, రుచి తక్కువ. ఒకే రంగు చాలునన్నచో చేతిసంచి అక్కడనే ముడిపడును. నాలుగు వస్తువులతో పళ్లెము నిండును. తక్కువ పెట్టినారను భావము చూచువారికి కలుగదు, ఏరి పెట్టినారనియే తోచును. పరిమితమైన రాబడిగల యిండ్లకు ఈ మర్మము మిక్కిలి యుపయోగము.

ఫాల్గుణమున ఏ వన్నె? నే నడిగినచో పసుపుపచ్చయే. మంగళగిరికి చేరువనున్న దుగ్గిరాల సంతకు క్రొత్త పసుపు వచ్చు దినము లవియే. కృష్ణ యొడ్డున దుగ్గిరాల, కొల్లిపర ప్రాంతముల అరటితోటలు గలవు. బొప్పాయి, బత్తాయి బజారున నుండును. మామిడిపండ్ల కింకను వేళ కాలేదు గాని, అంచు కట్టుటకు లేత మామిడికాయ దొరకును. వన్నెను మనము నిర్ణయించుకొని పండ్లకొరకు తిరుగుటకంటె, ఆ మాసమున చవుకగా నున్న పండ్లను చూచి వన్నె నిర్ణయించుకొనుట తెలివి.

ఎనమండుగురికి లెక్క చెప్పెదను. కర్పూరచక్కెరకేళి అరటిపండ్లు ఎనిమిది, నడితరపు బొప్పాయిలో సగము, చిన్న అనాసపండు ఒకటి, బత్తాయిలు మూడు. వీనితోడ వడపప్పునకు రెండు గుప్పెళ్ల పెసరపప్పు, చేగోడీలు పావుకిలో. అంచునకు ఒక లేత మామిడికాయ, గింజలేని పచ్చద్రాక్ష గుత్తి యొకటి. ఇంతే. అనాసపండు ప్రియముగా నున్నచో మానివేసి, బొప్పాయి నిండుగా వేయుడు, ఎవరును వెదకరు.

ఇందు వడపప్పు మీద నాకు ప్రత్యేకాభిమానము. శ్రీరామనవమినాడు తప్ప దానిని మనము తలపము. పొయ్యి వెలిగింప నక్కరలేదు, నూనె చుక్క యక్కరలేదు. ఒక గంటసేపు నానిన పెసరపప్పును నీరోడ్చి, ఉప్పు, కొబ్బరికోరు, మామిడితురుము కలిపినచో, ఎండలో వచ్చినవారికి నోటికి చలువ, కంటికి పసిమి. పళ్లెములోని వస్తువులన్నిటిలో చవుకైన దదియే. ముందుగా చెల్లిపోవునదియు సాధారణముగా నదియే.

చేగోడీలు రెండుదినములు ముందుగానే చేసి డబ్బాలో నుంచుకొనవచ్చును. గ్లాసెడు నీటిలో చెంచాడు వెన్న, తగినంత ఉప్పు, చిటికెడు పసుపు, నానిన పెసరపప్పు గుప్పెడు వేసి తెర్లనిండు. దింపి గ్లాసెడు బియ్యపుపిండి పోసి కలియబెట్టి మూతవేయుడు. వేడి చేతికి తాళునంతగా తగ్గినప్పుడు బాగుగా మర్దించి, చిటికెనవ్రేలి లావున త్రాళ్లుగా పేని, చుట్లుగా చుట్టి, నడితరపు సెగమీద కరకరలాడువరకు వేయింపవలెను. ఎఱ్ఱకారము వేసినచో చేగోడి ఎఱుపు దేరును. ఈ పళ్లెమునకు మాత్రము కారము మాని మిరియపుపొడి వేయుడు. అప్పుడు బంగారువన్నె నిలుచును.

ఇక అమరిక. ఇందే మన యిండ్లకును పాశ్చాత్యుల పలకకును పొత్తు కుదరని చోటు గలదు. పలకనిండ పండ్లు పరచి పదిమందిని చేతులు పెట్టుమన్నచో మన పెద్దలకు సరిపడదు. ఎంగిలి యను మాట మనకు చిన్నది కాదు. దానిలో ఆచారముతోపాటు ఆరోగ్యమును గలదు. జలుబుతోనున్న పిల్లవాడు తాకిన ముక్క నింకొకరు తినుట ఏ దేశమునను మంచిది కాదు. కావున పండ్ల ముక్కలను ఎనిమిది చిన్న దొన్నెలలో ముందుగానే పంచి, ఆ దొన్నెలను పళ్లెములో చక్రాకారముగ కూర్పుడు. ఒక్కొక్కరు తమ దొన్నె తా మెత్తుకొందురు. నడుమ వెడల్పు గిన్నెలో చేగోడీలు, దాని ప్రక్క గరిటెతో వడపప్పు. పళ్లెపు చుట్టును అంచుగా మామిడిముక్కలు, ద్రాక్షలు. వానిని గూడ చెంచాతో తీసికొనునట్లు చూడుడు. అరటిపండ్లు తొక్కతోనే యుంచుడు. పండిన కర్పూరచక్కెరకేళి తొక్క స్వయముగా పసుపువన్నె. వలువకున్నచో నల్లబడదు, ఈగ వ్రాలదు, ఎవరి పండు వారు వలుచుకొందురు.

చెక్కపలక కొనవలదు. అమ్మమ్మగారి యిత్తడి తాంబాళము తోమినచో దాని పసిమియే సగము శోభ. కాని కళాయి లేని యిత్తడిపైన, రాగిపైన పుల్లని పండ్లను నేరుగా పెట్టరాదు. పులుపు తగిలి లోహము కరగి పండ్లలో చేరును. గుండ్రముగా కత్తిరించిన అరటియాకు పరచి దానిపై దొన్నె లుంచుడు. ఆకును క్షణకాలము నిప్పుసెగకు చూపినచో మెత్తబడి చినుగక యమరును. ఇత్తడి లేనివారికి స్టీలు పళ్లెము, అదియు చాలనిచో చేటపై విస్తరాకు. చేటలో పెట్టిన పళ్లెమును నేను చూచితిని. ఏ వెండిపళ్లెమునకును తీసిపోలేదు.

తడి వస్తువులను పొడి వస్తువులను తాకనీయరాదు. బొప్పాయి నీరు తగిలిన చేగోడి పది నిమిషములలో మెత్తబడును. ఇంకొక సంగతి చాలమందికి తెలియదు: పచ్చి అనాసపండు ముక్కలను పాలకోవాతోగాని పెరుగుతోగాని కలిపి యుంచినచో కొంతసేపటికి చేదెక్కును. ఆ పండులోని యొక జీర్ణకారి పాలలోని మాంసకృత్తులను విడగొట్టుటయే దీనికి కారణము. కావున కోవా పెట్టదలచిన, అనాసకు దూరముగా పెట్టుడు.

పండ్లను కోయకముందే, పారునీటిలో తొక్కతోసహా కడుగవలెను. తొక్క తీసివేయునది కదాయని కడుగుట మానరాదు. కత్తి తొక్కమీది మురికిని లోపలికి కొనిపోవును. పండ్లకంటించిన చిన్న కాగితపు ముద్రలను పెరుకుట మరువకుడు. జామ, ఆపిలు వంటివి కోసినంతనే గాలి తగిలి గోధుమవన్నె దేరును. రెండుచుక్కల నిమ్మరసమును నీటిలో కలిపి ముక్కలపై చిలుకరించినచో ఆ మార్పు ఆలస్యమగును.

అన్నిటికంటె ముఖ్యమైనది వేళ. మంగళగిరిలో కొండమీది పానకాలస్వామి దర్శనము మధ్యాహ్నము వరకే గనుక, యాత్రికులు పెందలకడ ఎక్కి, ఎండ ముదురు వేళకు దిగుదురు. దిగువనున్న లక్ష్మీనరసింహస్వామి కోవెలలో, వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు 1807–09 సంవత్సరముల నడుమ కట్టించిన పదునొకండంతస్తుల గాలిగోపురమును తలయెత్తి చూచి, జనసమ్మర్దమునుండి బయటపడి, మీ గుమ్మము చేరునప్పటికి వారి కాకలికంటె దప్పిక హెచ్చు. ఆ క్షణమున గారెలు పాయసములకంటె నీరుగల పండ్లే హితము. కాని ముందుగానే కోసి యుంచిన పండ్లకు ఎండవేడి పగ. వేసవి వేడిమిలో కోసిన పండ్ల నొక గంటకు మించి బయట నుంచరాదు. అతిథులు బయలుదేరినారని ఫోను వచ్చినప్పుడు కత్తి పట్టుడు. అంతవరకు కడిగి తుడిచిన పండ్లు బుట్టలో నుండవచ్చును. కోసినవి శీతలపేటికలోనే యుండవలెను. మిగిలిన ముక్కలను సాయంత్రమునకు దాచిపెట్టి మరల వడ్డించు పొదుపు నేను మెచ్చను.

పసుపు పళ్లెమనగానే బజారునుండి పచ్చని లడ్లు, నారింజవన్నె జిలేబీలు తెచ్చి నింపవలెనను బుద్ధి పుట్టుట సహజము. ఇచ్చట నిలిచి యాలోచింపవలెను. మెటానిల్ ఎల్లో యను పసుపురంగు బట్టలకును తోలుకును వాడునది. ఆహారమున దాని వాడుక మన దేశమున నిషిద్ధము. అయినను మిఠాయిలలోను, పప్పులలోను, పసుపుపొడిలోను అది పట్టుబడుచునే యున్నది. గులాబివన్నె నిచ్చు రోడమిన్-బి గూడ అట్టిదే. పీచుమిఠాయిలో అది కనబడుటచేత తమిళనాడు ప్రభుత్వము 2024 ఫిబ్రవరిలో ఆ మిఠాయి అమ్మకమునే నిషేధించినది. మరుసటి మాసమున కర్ణాటక ప్రభుత్వము పీచుమిఠాయిలోను గోబీ మంచూరియాలోను కృత్రిమపు రంగులను నిషేధించినది. చట్టము పరిమితితో అనుమతించిన రంగులు వేరు గలవు, నిజమే. కాని విడిగా అమ్ము మిఠాయిలో ఏ రంగు ఎంత కలిసినదో కొనువారికి కనుగొను నుపాయము లేదు. అద్దకములతో పరిచయమున్న నేతవారి యూరిలో ఈ మాట వివరించి చెప్పనక్కరలేదు: దారమునకు పట్టవలసిన రంగు పిల్లవాని నాలుకకు పట్టరాదు.

మిఠాయి లేనిది పళ్లెమునకు నిండుదనము రాదని తోచినచో ఇంట సెనగపిండితో బూందీ దూసి, చిటికెడు పసుపు మాత్రము వేసి లడ్లు కట్టుడు. ఆ వన్నె బజారు లడ్డువలె కన్నులు మిరుమిట్లు గొల్పదు. కొంచెము మందముగ, మెత్తగ నుండును. ఆ మందమే దాని నమ్మకపు గురుతు.

అతిథులలో అందరి కడుపులు నొకటి కావు. చక్కెరవ్యాధి గలవారు ఈనాడు ఏ యింటనైన నొకరిద్దరుందురు. వారి దొన్నెలో అరటి, అనాస తగ్గించి, జామముక్కలు, వడపప్పు, నాలుగు బాదములు వేయుడు. పదిమందిలో “మీకు చక్కెర గదా, ఇది వలదు” అని పైకి పలుకుట మర్యాద కాదు. దొన్నెలు ముందే పంచుటవలన ఈ మొగమాటమును తప్పును. అయిదేండ్లలోపు పసివాండ్రకు ద్రాక్షపండ్లను నిలువుగా నాలుగు చీలికలు చేయకుండ ఈయరాదు. ఉండగానున్న పండు గొంతునకు అడ్డుపడి ఊపిరి నాపిన సందర్భములు గలవు. వేరుసెనగ గింజలును, బాదములును అట్టివే. ఉపవాసముననున్న పెద్దలకు చేగోడీలు, వడపప్పు లేని దొన్నె వేరుగా నుంచుడు.

త్రాగుటకు పానకమునకు మించినది లేదు. పానకమే ఆ క్షేత్రమునకు ప్రసిద్ధి. స్వామి నోటిలో శంఖముతో పోసిన పానకము గుటకవేసిన చప్పుడు కాగానే నిలిచిపోవుననియు, మిగిలిన సగము ప్రసాదముగా తిరిగి వచ్చుననియు భక్తుల విశ్వాసము. ఇంటి పానకమున కెనమండుగురికి లీటరున్నర కాచి చల్లార్చిన నీరు, మున్నూరు గ్రాముల బెల్లము, చెంచాడు మిరియాలు, అరచెంచా సొంఠిపొడి, ఆరు ఏలకులు. బెల్లమును కరగించి వడగట్టక తప్పదు, ఇసుక యుండును. మరీ తెల్లగా మెరయు బెల్లమును కొనకుడు. ముదురువన్నె బెల్లమే రుచి. మంచుగడ్డ వేయకుడు. మట్టికుండలో నుంచిన పానకపు చలువ గొంతునకు పడును.

తక్కిన కాలములకు సంగ్రహముగా చెప్పెదను. చైత్ర వైశాఖములందు తెలుపు: తాటిముంజలు, కొబ్బరిముక్కలు, మరమరాలు, పూతరేకులు, అంచునకు దానిమ్మగింజలు. ముంజలను అప్పటికప్పుడు కొట్టించి తెప్పింపవలెను. నిలువ యున్నవి పులియును. వర్షములు పడగానే నేరేడుపండ్లు వచ్చును. నేరేడు, నల్లద్రాక్ష, ఖర్జూరము, నల్లనువ్వుల ఉండలు చేర్చినచో నల్లని పళ్లెము. అంచునకు జామముక్కల తెలుపు. తెల్లని బట్టలు కట్టి వచ్చినవారికి నేరేడు పెట్టునపుడు తుడుపుగుడ్డ గూడ నిండు! చలికాలమున ఆకుపచ్చ: దోరజామలు, లేత కీరదోస, పచ్చిసెనగలు, మొలకెత్తిన పెసల గుగ్గిళ్లు. కొబ్బరిలౌజుకు గులాబివన్నె కావలెనన్నచో బీటుదుంప రసము రెండు చెంచాలు చాలును.

మామిడికాలమున ఏ వన్నె యని అడుగనేల? బంగినపల్లి ముక్కలు కోసి యుంచి, నూజివీటి చిన్నరసాల నొక గంపెడు ప్రక్కన పెట్టినచో పళ్లెము గూర్చి యెవరును మాటాడరు. పండ్లను కార్బైడుతో మాగబెట్టుటను 2011 నాటి ఆహారభద్రతా నిబంధనలు నిషేధించినవి. అయినను, పైన పచ్చగా మెరసి లోపల పుల్లగా, గట్టిగా నున్న పండు కనబడినచో అనుమానింపుడు. దోరకాయలు కొని గడ్డిలో మాగవేసికొనుటకు నాలుగైదు దినములు ముందుగా మేలుకొన్న చాలును.

ఒక్క మాట ఆ సోదరికి విడిగా. మన యిండ్లలో చుట్టములు వచ్చిన దినమున ఇల్లాలు పొయ్యికడనే నిలిచిపోవును. వదినగారు “ఇటు రా, కూర్చో” యని పిలుచుచునే యుందురు. “వచ్చుచున్నాను, ఈ వాయి దించి వచ్చెద” నని ఈమె పలుకుచునే యుండును. సాయంత్రపు బస్సునకు వారు లేతురు. ఈ పళ్లెమునకు పొయ్యి లేదు. చేగోడీలు మొన్ననే అయినవి, పప్పు నానినది, పండ్లు కోయుట అరగంట పని. పళ్లెమును వసారాలో తాటాకుచాపపై నడుమ నుంచి, తొమ్మిదవ దొన్నె నొకటి మీ కొరకు గూడ నింపి, మీ తోడికోడలి ప్రక్కన కూర్చుండుడు. ఆమె వంటల ముచ్చట యెత్తినచో పలక సంగతి మీరే యడుగుడు; ఆమెకును చెప్పవలెనని యుండును.

వచ్చు మాసమున గుమ్మడి వడియములను గూర్చియు, ఎండబెట్టునపుడు వానిని కాకులనుండి కాపాడుకొను విధమును గూర్చియు వ్రాసెదను.